సాగర్‌కు రెండు వైపులా

మార్చి 3, 2025, సోమవారం: పొదిలి

పొదిలి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు. పల్లీ చట్నీలో ఎండుమిరప ఘాటు బాగా తగిలి నీళ్ల జగ్గు మీద చెయ్యి వేశాను. "అవి చేతులు కడుక్కోవటానికమ్మా, తాగేవి ఇటున్నాయి" అంటూ వడ్డించే కుర్రాడు మూలనున్న ఇరవై లీటర్ల క్యాన్ చూపించాడు. ఆ తర్వాత కృష్ణకు ఇవతల ఏ ఇంటికి వెళ్లినా ఈ రెండు రకాల నీళ్లూ విడివిడిగానే కనిపించాయి. వాడుక నీళ్లు బోరువి. తాగే నీళ్లు కొన్నవి.

పొదిలి నుంచే మొదలుపెట్టటానికి కారణం ఉంది. ఎముకలనూ పళ్లనూ చెడగొట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు మొదటిసారి గుర్తించి రాసింది ఈ నేల మీదే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగిన నడుములనూ బిగుసుకుపోయిన మెడలనూ పరీక్షించి, కారణం తాగే నీటిలోని ఫ్లోరైడేనని తేల్చారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఆ జిల్లాలోకి వచ్చాయి. ఈ నీళ్ల సంగతి తెలిసి ఎనభై ఎనిమిదేళ్లు. బడిలో రసాయనశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఆ సంవత్సరాన్ని పిల్లలకు చెబుతూ వచ్చాను. ఉద్యోగ విరమణ అయ్యాక ఆ పల్లెలనూ, కృష్ణకు అవతలి గట్టున ఇదే బాధ పడ్డ నల్గొండ పల్లెలనూ ఒకే ప్రయాణంలో చూడాలని బయలుదేరాను.

సంచిలో ఫ్లోరైడు పరీక్ష కిట్టు పెట్టుకున్నాను. గాజు గొట్టంలోని నీటిలో రసాయనం కలిపితే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు నిలిస్తే మంచిది. పసుపుకు తిరిగితే లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటినట్టు. మన ప్రమాణాల ప్రకారం ఒక మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు. వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినా పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో చిక్కబడుతుంది.

ఊరి చివర ఒక వీధిలో కుళాయి దగ్గర బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి, మనుషులు లేరు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే, వరస ఎవరూ తప్పించరు. దర్శి వైపు నుంచి సాగర్ నీళ్లు వస్తాయనీ, నాలుగైదు రోజులకోసారి కాసేపు వదులుతారనీ ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన చెప్పాడు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. కుడి కాలువ చివరి ఊళ్ల దాకా వచ్చేసరికి ఆ నీళ్లు ఎంత సన్నబడతాయో ఆ బిందెల వరస చెబుతుంది.

మార్చి 4, మంగళవారం: కనిగిరి పల్లెలు

కనిగిరి నుంచి ఆటో మాట్లాడుకున్నాను. రోజంతటికీ తొమ్మిది వందలు, మధ్యాహ్నం భోజనం నాది అన్నాడు నడిపే అతను. నేను చెప్పిన పేరుతో ఈ చుట్టుపక్కల రెండు ఊళ్లున్నాయి. అతను తీసుకెళ్లింది రెండో దానికి. రోడ్డు ఒక ఎండిన వాగులోకి దిగి, చిల్లచెట్ల మధ్య కాలిబాటగా మారాక గానీ ఆ సంగతి బయటపడలేదు. వెనక్కి తిప్పబోతే అక్కడ గొర్రెలు కాస్తున్న ముసలాయన అడ్డం వచ్చి, "ఇంత ఎండలో వచ్చి ఊళ్లోకి రాకుండా పోతారా?" అన్నాడు. వెళ్లాం.

ఆయన మాట్లాడుతున్నప్పుడు ఒక విషయం గమనించాను. పక్కకు చూడాలంటే మెడ తిప్పడు, మనిషి మొత్తం తిరుగుతాడు. ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసల చుట్టూ ఉండే కట్లు గట్టిపడి సున్నం పేరుకుంటుంది, మెడా నడుమూ ఒకే కొయ్యలా అయిపోతాయి. నరాలు నొక్కుకుపోతే కాళ్లు పడిపోతాయి. మందు లేదు. నీళ్లు మార్చటం ఒక్కటే ఉంది, అది కూడా ఇక ముందుకు పోకుండా ఆపటానికే.

ఆయన కోడలు వంట దగ్గర ఉంది. సద్ద రొట్టె, గోంగూర పచ్చడి, కందిపప్పు. పొయ్యి పక్కన రెండు బిందెలు. పప్పుకు ఒక బిందెలోంచి ముంచింది, అన్నం ఎసరుకు ఇంకో దానిలోంచి.

"రెండూ ఒకటి కాదా అమ్మా?" అని అడిగాను.

"పప్పు బోరు నీళ్లకు ఉడకదు టీచరమ్మా. గంటసేపు ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది. అందుకని దానికి క్యాన్ నీళ్లు. అన్నానికి బోరు నీళ్లే, అన్నం ఎందులోనైనా ఉడుకుతుంది కదా."

పప్పు ఉడకకపోవటం నీటి కాఠిన్యం వల్ల. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి దానికి డబ్బు పెట్టి కొన్న నీళ్లు. ఫ్లోరైడు కనిపించదు, అందుకని అన్నంలో చేరిపోతుంది. బోరు నీళ్లు కిట్టులో పోశాను. గులాబీ రంగు నిమిషం కూడా నిలవలేదు, పసుపైపోయింది. క్యాన్ నీళ్లు గులాబీగానే ఉన్నాయి. కొన్న నీళ్లు తాగుతున్నాం కాబట్టి భయం లేదని ఆ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. రెండు పూటలా అన్నం, మూడుసార్లు టీ, గంజి, పులుసు అన్నీ బోరు నీళ్లతోనే. తాగే నీటికి పడే శ్రమలో సగం అన్నం ఎసరులో పోతోంది. ఈ ఒక్క మాట ఈ ప్రాంతంలో ఇంటింటికీ చెప్పేవాళ్లు ఉంటే బాగుండునని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

చెబితే ఆమె వెంటనే లెక్క కట్టింది. ప్లాంటు దగ్గరికి వెళ్లి తెచ్చుకుంటే క్యాన్ ఐదు, ఇంటికి తెస్తే పది. ఇప్పుడు రోజుకు ఒకటి. వంటకూ అవే అయితే ఇంకోటి. "నెలకు ఆరు వందలు టీచరమ్మా. కూలి దొరికే రోజులు నెలలో పదిహేను. ఎట్లా?" నా దగ్గర సమాధానం లేదు.

భోజనానికి కూర్చున్నాక నాకూ ఆటో అతనికీ, బడి నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలకూ క్యాన్ నీళ్లు పోసింది. ముసలాయనకూ తనకూ బోరు నీళ్లు. నేను చూస్తున్నానని తెలిసి ఆయనే చెప్పాడు: "క్యాన్ పిల్లలకు, వచ్చిన చుట్టాలకు. మాకు ఇంక కొత్తగా వచ్చేదేముంది నాయనా." నిజానికి ఉంది. ఇప్పుడు ఆపినా ఎముక ఇంకా చెడకుండా నిలుస్తుంది. ఆయనతో ఆ మాట రెండుసార్లు అన్నాను. తల ఊపాడు, అదే గ్లాసు ఎత్తి తాగాడు.

కిట్టు సంగతి తెలిసి అరగంటలో వాకిట్లో ఇరవై మంది చేరారు. ఎవరి బోరు నీళ్లు వాళ్లు సీసాల్లో తెచ్చారు. పసుపు, పసుపు, మళ్లీ పసుపు. ఊరి పక్కన ఉన్న పాత చేదబావి నీళ్లు మాత్రం గులాబీకీ పసుపుకూ మధ్యలో ఆగాయి. అందులో కారణం ఉంది. కనిగిరి గ్రానైటులోనే ఫ్లోరిన్ ఖనిజం ఉంది. వానకు ఊరే పైనీళ్లలో అంతగా కరగదు. బోరు లోతుకు పోయిన కొద్దీ రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు తగులుతాయి, వాటిలో ఎక్కువగా కరిగి ఉంటుంది. వానలు తగ్గి, చెరువులు పూడి, బోర్లు లోతుకు పోయిన ఊళ్లలో జబ్బు కూడా అంత లోతుకు పోయింది.

చీకటి పడే ముందు ప్లాంటు చూశాను. రేకుల షెడ్డు, ఆర్వో యంత్రం, గోడకు లక్ష్మీదేవి పటం. వెనకాల గొట్టంలోంచి వృథా నీళ్లు కాలువలోకి పోతున్నాయి. పైకి తోడిన దానిలో సగానికి పైగా అటే పోతుందని యజమాని దాపరికం లేకుండా చెప్పాడు. వడకట్టిన ఫ్లోరైడు, ఉప్పు అంతా చిక్కబడి ఆ కాలువలో మళ్లీ అదే నేలలోకి ఇంకుతోంది. ఆయన్ని తప్పు పట్టను. ఆయన లేకపోతే ఆ ఊరి పిల్లలకు ఈ ఒక్క క్యానూ లేదు. కానీ దీన్ని పరిష్కారమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నీళ్లు లేని నేలలో సగం నీళ్లు పారబోసి మిగిలిన సగం అమ్ముకునే ఏర్పాటు ఇది.

మార్చి 5, బుధవారం: గొట్టిపడియ, కంభం

మార్కాపురంలో దిగగానే పలకల గనుల బూడిదరంగు గుట్టలు కనిపిస్తాయి. మా తరం అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివే. అక్కడి నుంచి గొట్టిపడియ దారి పట్టాను.

వెలిగొండ ప్రాజెక్టు గురించి ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా తమ ఇంటి పెళ్లి వాయిదా పడ్డట్టు చెబుతారు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరద నీటిని నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల గుండా ఇవతలికి తేవాలి. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులు మూసి కట్టిన నల్లమల సాగర్‌లో నింపాలి. 43.5 టీఎంసీలు. దీనికోసం జీవితకాలం అడిగిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరే ప్రాజెక్టుకు పెట్టారు. శంకుస్థాపన 1996లో. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చి 6న, నేను వెళ్లిన మర్నాటికి సరిగ్గా ఏడాది. ఫీడరు కాలువ పనులు, ముంపు గ్రామాల వాళ్లకు పరిహారం అప్పటికి ఇంకా మిగిలే ఉన్నాయి.

కట్ట మీద నిలబడి చూస్తే అటు నల్లమల, ఇటు ఎండిన చేలు. ముంపు ఊళ్లో మిరపకాయలు ఆరబోస్తున్న ఒకామె, "నీళ్లు రావద్దని మేమెందుకంటామమ్మా? మా చెల్లెల్ని కనిగిరి ఇచ్చాం, ఆ నీళ్ల బాధ మాకు తెలియదా? మా లెక్క తేల్చి నీళ్లు వదలమంటున్నాం" అంది. టీ తాగి వెళ్లమని బలవంతం చేసింది. పాలు ఎక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ, ఇత్తడి గ్లాసు నిండా.

మధ్యాహ్నం దాటాక కంభం చేరాను. ఈ ప్రయాణంలో నా కడుపు నిండిన చోటు కంభం చెరువు కట్ట. పదహారో శతాబ్దంలో గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మను ఆపే చిన్న కట్ట, దాని వెనక కంటికి ఆనని నీళ్లు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. వేసవి ముందు నీటి అంచు వెనక్కి జరిగి ఒండ్రు బయటపడింది, అందులో గేదెలు పడుకుని ఉన్నాయి. అంత దూరంలో పప్పు ఉడకని ఊళ్లను చూసి వచ్చాక ఈ చెరువును చూస్తే నాకు కోపం వచ్చింది. అయిదు వందల ఏళ్ల కిందట కొండ సందు చూసి నీళ్లు ఎక్కడ నిలుస్తాయో పట్టుకున్న చూపు మనకు వారసత్వంగా వచ్చింది. పూడిక తీసే ఓపిక రాలేదు.

రంజాన్ నెల మొదలై కొద్దిరోజులే. సాయంత్రం బజారులో మసీదు పక్కన చాపలు పరిచి ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, సమోసాలు సర్దుతున్నారు. నిలబడి చూస్తుంటే ఒక పెద్దమనిషి కుర్చీ తెప్పించి, "కూర్చోండమ్మా, ప్రయాణంలో ఉన్నట్టున్నారు" అని ఒక పళ్లెం నాకూ ఇచ్చాడు. సైరన్ మోగింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకుని, మొదటి గుటక నీళ్లు కళ్లు మూసుకుని తాగారు. పగలంతా చుక్క ముట్టని వాళ్ల మధ్య కూర్చుని ఆ గ్లాసు నేనూ తాగాను. డబ్బు ఇవ్వబోతే ఆయన నొచ్చుకున్నాడు.

మార్చి 6, గురువారం: మాచర్ల మీదుగా సాగర్

ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా బస్సులు మారి సాగర్ చేరేసరికి సాయంత్రమైంది. డ్యాం మీద గాలి చల్లగా ఉంది. హిల్ కాలనీలో చేపల వేపుడు, అన్నం నూట అరవై రూపాయలు. చేప తాజాది, ఉప్పు కొంచెం ఎక్కువ. పక్క బల్ల మీద నలుగురు మాట్లాడుకుంటున్నది ఒకటే విషయం. ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. రోజులు గడుస్తున్నా ఆచూకీ లేదు. శ్రీశైలం నీటిని నల్గొండ ఫ్లోరైడు పల్లెలకు, పొలాలకు తేవటానికి తవ్వుతున్న సొరంగం అది. ఎక్కడి నుంచో పనికి వచ్చిన మనుషులు మన నీటి కోసం కొండ కింద పద్నాలుగు కిలోమీటర్ల లోపలికి వెళ్లి ఆగిపోయారు. ఆ నలుగురిలో ఒకరు ఫోన్లో వార్తలు చూస్తూ భోజనం వదిలేశారు.

మార్చి 7, శుక్రవారం: మర్రిగూడ, శివన్నగూడ

హైదరాబాదు రోడ్డు పొడవునా పెద్ద పైపులైన్లు ఉంటాయి. అక్కంపల్లి నుంచి తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు 2004 నుంచి నగరానికి వెళ్తున్నది వాటిలోనే. ఆ పైపుల పక్క ఊళ్లు చాలా వరకు ఇంకో పదేళ్లకు పైగా బోరు నీళ్లే తాగాయి.

మాల్ అనే ఊళ్లో దిగి షేరు ఆటోలో మర్రిగూడ, ముప్పై రూపాయలు. ఇక్కడ ఎవరూ ఊరక కూర్చోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి నామినేషన్లు వేయించింది. బ్యాలెట్టు పేపరు పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును అయిదు వందల నుంచి పది వేలకు పెంచారు. తర్వాత సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ బాధితులను ఢిల్లీ తీసుకెళ్లి, శివన్నగూడ కుర్రాడు అంశల స్వామిని ప్రధాని వాజ్‌పేయి ఎదుట బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు. శివన్నగూడలో ఆయన పేరు ఎత్తగానే కిరాణా కొట్టు దగ్గర నలుగురు లేచి నిలబడి చెప్పారు, ఏ మీటింగుకు ఎలా వచ్చేవాడో, ఎంత గట్టిగా అడిగేవాడో.

ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు తరగతులు చూపించారు. మూడు, నాలుగు తరగతుల పిల్లలను నవ్వమన్నాను. పాలపళ్లు ఊడి వచ్చిన కొత్త పళ్లు తెల్లగా ఉన్నాయి. దంతాల మీద మచ్చ పడేది అవి చిగురు లోపల తయారయ్యే చిన్నతనంలోనే. అంటే ఈ పిల్లలు పుట్టి పెరిగిన ఏళ్లలో ఒంట్లోకి పోయిన నీళ్లు మంచివని లెక్క. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో ఇక్కడికి దగ్గర్లోని చౌటుప్పల్‌లోనే వేశారు, తర్వాత కొన్నేళ్లకు నల్లాలు వచ్చాయి. బడి నల్లా నీళ్లు కిట్టులో పోస్తే గులాబీ రంగు చెక్కుచెదరలేదు. నాకు గొంతు పూడుకుపోయింది. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన పాఠానికి ఇలాంటి జవాబు ఉంటుందని ఇక్కడే చూశాను.

ఇంతకు ముందు ఈ నేల మరెన్నో చూసింది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పేరే పెట్టింది. అది ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది. కానీ రోజూ పటిక కొలిచి, కలిపి, తేర్చి, మడ్డి పారబోసే పని ఏ ఇల్లూ ఏళ్ల తరబడి చేయలేదు. వడపోతలు అలసిపోయే చోట నది నీళ్లు నిలిచాయి. కృష్ణకు అవతల కనిగిరి వాళ్లకూ కావలసింది ఇదే, ఇందులో నాకు అనుమానం లేదు.

మధ్యాహ్న భోజనం వండే ఆమె తన ఇంటికి తీసుకెళ్లింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి వేసిన చింతపండు రసం, పైన నువ్వుల పొడి. చింతపండు ఇచ్చిన బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లో ప్రచురించారు. చెబితే ఆమె నవ్వి, "మాకు తెలియకుండానే మందు తిన్నాం" అంది, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్ల మనిషి, పళ్ల మీద గోధుమరంగు చారలు. వాళ్ల అక్కకు మోకాళ్లు లోపలికి వంగి ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఆ వంకరను శాస్త్రవేత్తలు 1973లోనే లోకానికి చెప్పారు. అక్క గోడ పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. నల్లా వచ్చేసరికి ఆమెకు ఆలస్యమైపోయింది.

వచ్చేటప్పుడు వంటామె బస్సు దాకా వచ్చింది. వీధి మలుపులో ఎర్రరంగు వేసిన చేతిపంపు చూపించింది, తాగవద్దని గుర్తు.

"రాసేటప్పుడు ఇది కూడా రాయండమ్మా. మీరు చూసిన నల్లా రోజూ ఇట్లాగే రాదు. పైపు పగిలినా, మోటారు చెడినా, ఎవరూ చెప్పకుండా మూడు రోజులు, నాలుగు రోజులు ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాం. క్యాన్ కొనగలిగినవాళ్లు కొంటారు. పైపు వేశాం, అయిపోయింది అనుకోవద్దని రాయండి. నీళ్లు ఆగిన రోజున ఎవరు వచ్చి బాగుచేస్తారో, ఎన్ని గంటల్లో చేస్తారో వాళ్ల పేరూ ఫోను నంబరూ ట్యాంకు మీద రాయించమని రాయండి."